మచ్చ ఎక్కడ పుట్టింది?

‘‘బాబాయిగారూ, మా తాతయ్య చేతికి దువ్వెన పళ్లు మొలిచాయండీ!’’

పోయిన గురువారం రాత్రి ఎనిమిది గంటల వేళ, మా మేడమీది అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి అన్న మాట ఇది. (ముందు ‘తాతగారూ’ అనబోయి, నా మొహం చూసి ‘బాబాయిగారూ’ అని సర్దుకుందిలెండి. అది వేరే సంగతి!) ఆ తాతయ్యగారు కాలం చేసి పదిహేనేళ్లు దాటింది. పోయినాయన చేతికి పళ్లేమిటా అని నేను బిత్తరపోయాను.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీసింది. వాళ్ల తాతయ్య ఒకప్పుడు కృష్ణా జిల్లా పల్లెటూళ్లలో టూరింగ్ టాకీసు ఆపరేటరు. 2004లో చుట్టాలబ్బాయి ఎవరో మినీ డీవీ కెమెరా పట్టుకొస్తే, పెద్దాయన మూలన పడున్న పాత ప్రొజెక్టరు దుమ్ము దులిపి, దానికి ఫిల్ము ఎలా ఎక్కిస్తారో చేసి చూపించారట. ఆ రెండు నిమిషాల బొమ్మే ఈ సినిమాకి ప్రాణం. ఎందుకంటే ఆయన కదులుతూ కనిపించేది ఈ లోకంలో అదొక్కటే. మిగిలిందల్లా దండ వేసిన ఫోటో!

సినిమా పోటీకి పంపడానికి గడువు శుక్రవారం అర్ధరాత్రి. అమ్మాయి ఎడిటింగ్ అంతా ముగించి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలు చూసుకుంటే... తాతయ్య చేతులు కదిలినప్పుడల్లా వేళ్ల చుట్టూ అడ్డగీతలు, అచ్చం దువ్వెన పళ్లలాగ! రాత్రి పూట డేరా సీనులో ఆకాశం నిండా నల్ల చదరపు పెంకులు. టైటిలు వెనక నీలం రంగు మెట్లుమెట్లుగా విడిపోయింది. ఎర్రక్షరాల అంచులు ఎలకలు కొరికినట్టున్నాయి. నాయనమ్మ మాట ఒకచోట, పెదవి ఒకచోట!

‘‘నిన్నటినుంచి పదకొండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేశానండీ. ప్రతిసారీ ఏదో ఒక సెట్టింగు మార్చి చూశాను’’ అంది, ఏడుపు ఆపుకుంటూ.

‘‘ఏవేం మార్చావో కాగితం మీద రాసిపెట్టుకున్నావా తల్లీ?’’

‘‘లేదండీ...’’

చూశారూ! అసలు జబ్బు ఇక్కడుంది. ఎక్స్‌పోర్ట్ అనేది ఆఖరి మజిలీ. మచ్చ అక్కడ కనిపించింది గనక అక్కడే పుట్టిందనుకుంటాం. కనిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

తెల్లచుక్కా? నల్లచుక్కా?

నేను కుర్రతనంలో మద్రాసు కోడంబాకంలో ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా ముక్కలు అంటించినవాణ్ణి. కొత్తగా చేరిన రోజుల్లో ఒక ప్రింటు వేసి చూస్తుంటే తెరమీద చుక్కలు కనిపించాయి. నేను ఉత్సాహంగా లేచి, ‘‘ప్రింటు పాడైందండీ, ఇంకోటి తీయిద్దాం’’ అన్నాను. మా ఎడిటరుగారు కళ్లజోడు పైనుంచి చూసి, ‘‘తెల్లచుక్కలా, నల్లచుక్కలా?’’ అని అడిగారు.

నాకేం బోధపడలేదు. తర్వాత ఆయనే చెప్పారు. నెగెటివ్ మీద దుమ్ము పడితే, ప్రింటు తీసేటప్పుడు ఆ దుమ్ము కాంతిని ఆపేస్తుంది. ఆ చోట ప్రింటు నల్లబడదు. అంచేత తెరమీద తెల్లచుక్క పడుతుంది. అదే ప్రింటు మీద దుమ్మయితే, ప్రొజెక్టరు కాంతిని ఆపి తెరమీద నల్లచుక్క వేస్తుంది. తెల్లచుక్క కనబడితే పది ప్రింట్లు తీసినా లాభం లేదు, వెళ్లి నెగెటివ్ తుడవాలి. నల్లచుక్క అయితే నెగెటివ్ జోలికి పోనక్కర్లేదు, ప్రింటు తుడిస్తే చాలు!

కాలం మారింది. ఫిల్ము పోయింది, ఫైలు వచ్చింది. కాని ఆ ప్రశ్న మాత్రం మారలేదు. అందుకని అమ్మాయిచేత లాప్‌టాప్ తెరిపించి, నాలుగు మజిలీలు చెప్పాను.

ఒకటి: కెమెరానుంచి వచ్చిన అసలు ఫైలు. రెండు: ఎడిటింగ్ టైమ్‌లైన్. మూడు: ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు. నాలుగు: దాన్ని చూపించే ప్లేయరు, ఫోను, లేదా మనం ఎక్కించిన వెబ్‌సైటు. మచ్చ ఉన్న క్షణాన్ని ఈ నాలుగింటిలోనూ వరసగా, ఒక్కొక్క ఫ్రేమూ కదుపుతూ చూడాలి. మొట్టమొదట ఎక్కడ కనిపిస్తే అదే దాని పుట్టిల్లు. దానికి ముందున్న మజిలీలో వైద్యం అక్కర్లేదు. దాని తర్వాత మజిలీలో వైద్యం పనిచెయ్యదు.

టైమ్‌లైన్ చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. పని వేగంగా సాగడానికి సాఫ్ట్‌వేర్లు తక్కువ నాణ్యత బొమ్మనీ, ప్రాక్సీ ఫైళ్లనీ చూపిస్తుంటాయి. వాటిని ఆపి, పూర్తి నాణ్యతలో చూడాలి. లేకపోతే లేని మచ్చ ఉన్నట్టూ, ఉన్న మచ్చ లేనట్టూ భ్రమ కలుగుతుంది.

ఇంకో చిట్కా. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలుని మళ్లీ టైమ్‌లైన్ మీదకి తెచ్చి, అసలు బొమ్మకి సరిగ్గా పైన పేర్చి, ‘డిఫరెన్స్’ అనే పద్ధతిలో కలపండి. రెండూ ఒకటే అయితే తెర నల్లగా ఉంటుంది. ఎక్కడ మెరిసిందో అక్కడ ఎక్స్‌పోర్ట్ చెయ్యి చేసుకుందన్నమాట! కంప్రెషన్‌వల్ల ఎంతో కొంత మసక మెరుపు ఎప్పుడూ ఉంటుంది, దానికి కంగారు పడకండి. గీతలూ చదరాలూ స్పష్టంగా ఆకారం కడితేనే ఆలోచించాలి.

అంతేకాదు, ప్రతిసారీ పన్నెండు నిమిషాల సినిమానీ ఎక్స్‌పోర్ట్ చేసి గోళ్లు కొరుక్కుంటూ కూర్చోకండి. మచ్చ ఉన్న పది సెకన్లు చాలు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. ఏం మార్చారో రాసుకోండి. రెండు మార్చి బాగైందనుకోండి, ఏ మందు పనిచేసిందో ఆ భగవంతుడికే తెలియాలి!

నల్ల పెంకుల కథ

మొదట డేరా సీను పట్టుకున్నాం. అసలు ఫైలులో ఆకాశం శుభ్రంగా ఉంది. టైమ్‌లైన్‌లోనూ ఉంది. ఎక్స్‌పోర్ట్‌లో పెంకులు. అంటే పుట్టిల్లు మూడో మజిలీ. ‘‘బిట్‌రేట్ ఎంత పెట్టావమ్మా?’’ అంటే ‘‘రెండు మెగాబిట్లండీ, ఫైలు చిన్నదవుతుందని’’ అంది.

లెక్క చూడండి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ సెకనుకి 25. ఏమాత్రం కుదించకుండా మామూలు 8 బిట్ల వీడియోగా దాచాలంటే సెకనుకి దాదాపు 62 కోట్ల బిట్లు కావాలి. అమ్మాయి ఇచ్చింది 20 లక్షలు! అంటే మూడువందల పై చిలుకు బిట్లకి ఒక్క బిట్టు. ఉమ్మడి కుటుంబానికి గిద్దెడు బియ్యం పోసి, అందరికీ వండిపెట్టమన్నట్టు!

మనం ఎక్కువగా వాడే హెచ్.264 అనే పద్ధతి 2003లో వచ్చింది. అది బొమ్మని నిలువూ అడ్డం 16 చుక్కల గళ్లుగా కోస్తుంది. మన 1920 బై 1080 బొమ్మలో అలాంటి గళ్లు 8160. బిట్లు చాలకపోతే అది ఏం చేస్తుందంటే, ఒక్కో గడిలో ఉన్న సన్నసన్నని తేడాలని పారేసి, గడి మొత్తానికీ ఇంచుమించు ఒకే రంగు పూసేస్తుంది. పగటి సీనులో ఆ దొంగతనం మన కంటికి ఆనదు. చీకటి సీనులో ఉన్నవే సన్నని తేడాలు గదా! అవి పోయేసరికి గడుల అంచులు పెంకుల్లా తేలతాయి. పైగా తక్కువ వెలుతురులో తీసిన బొమ్మలో ‘నాయిస్’ అనే చీమల పరుగు ఉంటుంది. ఆ చీమలన్నిటికీ బిట్లు పంచడంతోనే సరిపోతుంది, అసలు బొమ్మకి మిగలవు.

ఇది చిన్నవాళ్లకే వచ్చే కష్టమనుకోకండి. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ త్రోన్స్’ సీరియల్లో ‘ది లాంగ్ నైట్’ అనే భాగం వచ్చింది. రాత్రిపూట మహాయుద్ధం. కోట్ల ఖర్చు. ప్రసారమైన రాత్రే ప్రేక్షకులు గగ్గోలు పెట్టారు – ఏమీ కనబడటం లేదు, చీకట్లో చారలూ పెంకులూ కనిపిస్తున్నాయని! ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ మాత్రం, తాను తీసిన బొమ్మ బాగానే ఉందనీ, ప్రసారంలో జరిగే కంప్రెషనూ, ఇళ్లలో టీవీలు అమర్చుకున్న తీరూ చూడాలనీ వాదించాడు. అంత పెద్దవాళ్లకీ మూడో మజిలీ, నాలుగో మజిలీ తప్పలేదన్నమాట.

వైద్యం సులభమే. బిట్‌రేట్ 20 మెగాబిట్లకి పెంచాం. పన్నెండు నిమిషాలకి 1.8 గిగాబైట్లు అవుతుంది. పోటీవాళ్లు 2 గిగాబైట్ల దాకా తీసుకుంటామన్నారు గనక చిక్కులేదు. ‘టూ పాస్’ అని ఒక ఏర్పాటుంది, అది కూడా పెట్టించాను. సాఫ్ట్‌వేర్ బొమ్మని ఒకసారి మొత్తం చూసుకుని, రెండోసారి ఏ సీనుకి ఎన్ని బిట్లు కావాలో పంచుతుంది. డేరా సీనులో చీమల్ని కొద్దిగా తగ్గించాం. మరీ తగ్గిస్తే మనుషులు మైనపు బొమ్మల్లా ఉంటారు, జాగ్రత్త! పది సెకన్లు ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తే, పెంకులు మాయం.

యూట్యూబ్‌కి పెట్టేవాళ్లకి ఒక మాట. 1080 బొమ్మకి, సెకనుకి 25 ఫ్రేములైతే, 8 మెగాబిట్లు వాళ్లే సిఫారసు చేస్తారు. వాళ్లు మళ్లీ తమ పద్ధతిలో కుదిస్తారు గనక ఇంకాస్త ఎక్కువే ఇవ్వండి. ఫోనులో మెసేజీగా పంపి, ‘‘సినిమా పాడైంది’’ అని ఏడవకండి. అలా పంపితే దారిలో మళ్లీ నలిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

మెట్లు, ఎలకలు, పెదవులు

టైటిలు వెనక మెట్ల సంగతి. 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకి 256 అంతస్తులే. ముదురు నీలం నుంచి నలుపుకి దిగే చోట వాడుకునేవి ముప్పయి ఉంటే గొప్ప. 1920 చుక్కల వెడల్పుని 30కి పంచితే ఒక్కో మెట్టు 64 చుక్కల వెడల్పు! కనబడక ఏం చేస్తుంది? 10 బిట్లలో 1024 అంతస్తులు ఉంటాయిగాని, పోటీవాళ్లకి 8 బిట్లే కావాలి. అందుకని ఆ నీలం మీద పలచగా ‘గ్రెయిన్’ చల్లించాను, ముగ్గుపిండి చల్లినట్టు. మెట్ల అంచులు చెరిగిపోయాయి. ‘‘ఇందాక చీమల్ని తగ్గించమన్నారు, ఇప్పుడు చల్లమంటున్నారేమిటండీ?’’ అని నిలదీసింది. మంచి ప్రశ్నే. బిట్లు చాలినన్ని ఉన్నప్పుడే ఈ చల్లడం. రెండు మెగాబిట్లలో చల్లితే మెట్లు పోయి పెంకులొస్తాయి!

ఎర్రక్షరాల సంగతి. మామూలు వీడియోలో వెలుగునీడలు ప్రతి చుక్కకీ దాస్తారు, రంగు మాత్రం నాలుగు చుక్కలకి ఒకటే దాస్తారు. మన కన్ను రంగు విషయంలో కాస్త మందం గనక ఈ పొదుపు చెల్లిపోతుంది. కాని నల్లటి తెరమీద ఎర్రక్షరం పెడితే దాని అందమంతా రంగులోనే ఉంటుంది గదా, అంచులు దెబ్బతింటాయి. మన తెలుగక్షరాలకి తలకట్లూ కొమ్ములూ మరీ సన్నం. అక్షరాలు మీగడ రంగుకి మార్చి, కాస్త లావు చేయించాను. ఎలకలు పారిపోయాయి.

నాయనమ్మ పెదవుల సంగతి. అది ఫోనుతో తీసిన బొమ్మ. చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని లెక్కగా తీయవు. వెలుతురునిబట్టి, వేడినిబట్టి ఒకసారి 30, ఒకసారి 28 అలా తీస్తుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క తప్పితే, మాట ముందుకీ పెదవి వెనక్కీ జరుగుతాయి. ఇది మొదటి మజిలీ జబ్బు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచి, నాణ్యత బాగా ఎక్కువలో పెట్టి ఫైలుని ఒకసారి మార్చుకున్నాక టైమ్‌లైన్‌లో పెడితే కుదురుకుంది.

అన్నట్టు, కొందరికి ఎక్స్‌పోర్ట్‌లో పచ్చ ఫ్రేమో గులాబీ ఫ్రేమో టక్కున మెరిసి పోతుంది. దానికో గుర్తు చెబుతాను. మూడుసార్లు చేసినా అదే ఫ్రేములో వస్తే తప్పు ఆ ముక్కలోనో, దానిమీద వేసిన ఎఫెక్టులోనో, పాత రెండర్ ఫైళ్లలోనో ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే తప్పు యంత్రానిది. రెండర్ ఫైళ్లు చెరిపేసి, గ్రాఫిక్స్ కార్డుతో కాకుండా సాఫ్ట్‌వేర్ పద్ధతిలో మళ్లీ చేసి చూడండి. ఆలస్యమవుతుంది, కాని నిజం తెలుస్తుంది.

ఇహ తాతయ్య చెయ్యి

పాత వీడియో కెమెరాలు ఫ్రేముని ఒక్కసారిగా తీయవు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఫ్రేముకి 576 గీతలు. ముందు ఒక వరస 288 గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత రెండో వరస 288 గీతలు. ఈ లోపల చెయ్యి కదిలిపోతుందిగా! పాత టీవీలో ఈ రెండు వరసలూ ఒకదాని తర్వాత ఒకటి పడేవి గనక ఇబ్బంది ఉండేది కాదు. కంప్యూటరులో రెంటినీ కలిపి ఒకేసారి చూపిస్తే కదిలే వస్తువుకి పళ్లు మొలుస్తాయి. కదలనివి బాగానే ఉంటాయి. దీనికి ‘డీఇంటర్లేస్’ అనే మందుంది. ముందు ఏ వరస వచ్చిందో కూడా సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా చెప్పాలి. డీవీ టేపుకయితే కింది వరస ముందు. తప్పు చెబితే మనిషి ముందుకీ వెనక్కీ ఊగుతాడు.

ఆ మందు వేశాం. గుణం లేదు! పళ్లు చెక్కుచెదరలేదు. దగ్గరగా చూస్తే అసలు కిటుకు తెలిసింది. పన్ను మందం సరిగ్గా ఒక్క గీత ఉండాలి. ఇక్కడ ఒకటి లావు, ఒకటి సన్నం, అలలు అలలుగా ఉన్నాయి. ‘‘ఈ ఫైలు ఎక్కడిదమ్మా?’’ అంటే, టేపుని కంప్యూటరులోకి ఎక్కించిన షాపతను రెండు ఫైళ్లిచ్చాడట – పెద్దదొకటి, చిన్నదొకటి. చిన్నది తేలిగ్గా ఉందని ఈ అమ్మాయి వాడుకుంది. ఆ చిన్నది తయారుచేసేటప్పుడు 576 గీతల బొమ్మని పళ్లతో సహా 720కి సాగదీసేశారు. రెండు వరసలూ ఒకదాన్లో ఒకటి కరిగిపోయాయి. పిండిలో కలిసిన ఉప్పుని ఇహ ఏ జల్లెడా వేరు చెయ్యలేదు.

‘‘పెద్ద ఫైలు?’’

‘‘పెన్‌డ్రైవులో ఉందండీ... ఆ పెన్‌డ్రైవు అన్నయ్య కారులో పాటలకని గుంటూరు పట్టుకెళ్లాడు.’’

నా గుండె జారిపోయింది. ‘‘టేపు?’’ అంటే, షాపు నుంచి తెచ్చుకున్నాక ఇల్లు మారడంలో ఎక్కడో పోయిందట. రాత్రి పదకొండింటికి ఫోను చేసింది. అవతలి నుంచి ఆ అబ్బాయి, ‘‘ఆఁ, ఏదో పేద్ద ఫైలుందే. పాటలకి చోటు చాలట్లేదు, రేపు తీసేద్దామనుకుంటున్నా’’ అన్నాడట. ఆ అమ్మాయి వేసిన కేక వీధి చివరికి వినిపించి ఉంటుంది!

తెల్లారగట్ల మొదటి బస్సుకి అబ్బాయి పెన్‌డ్రైవుతో దిగాడు. పది నిమిషాల టేపు, రెండు గిగాబైట్ల పైచిలుకు. తెరిచి చూస్తే పళ్లు ఒక్కో గీత మందాన, పలువరసలా నీటుగా ఉన్నాయి. కింది వరస ముందని చెప్పి, డీఇంటర్లేస్ చేసి, నలుచదరపు పాత బొమ్మని వెడల్పు తెరకి సాగదీయకుండా రెండు పక్కలా నలుపు వదిలి పెట్టాం. (సాగదీస్తే తాతయ్య లావైపోతారు మరి!) టైమ్‌లైన్ 25 ఫ్రేములకి కుదిర్చాం. పళ్లన్నీ రాలిపోయాయి.

ఒక్కటి మాత్రం మిగిలింది. టేపు మీదే ఏడు ఫ్రేములు చెడిపోయి, తాతయ్య చెంప మీద గళ్లు పడ్డాయి. అది పెద్ద ఫైలులోనూ ఉంది. అంటే మొదటి మజిలీ, తెల్లచుక్క! దానికి ఏ ఎక్స్‌పోర్ట్ సెట్టింగూ లేదు. అందుకని ఎడిటరు చెయ్యవలసిన పని చేశాం. ఆయన గొంతు అలాగే నడుస్తుంటే, రెండు సెకన్లపాటు తిరుగుతున్న రీలు షాటు వేశాం. మచ్చ కింద దాక్కుంది. చూసేవాళ్లకి అది కావాలని వేసిన షాటే!

శుక్రవారం రాత్రి పదకొండు దాటి ఇరవై నిమిషాలకి ఆఖరి ఫైలు వచ్చింది. పంపేముందు ఫోనులో ఒకసారి, టీవీలో ఒకసారి మొదటినుంచి చివరిదాకా చూశాం. టీవీ దగ్గరకి నాయనమ్మగారు కూడా వచ్చి కూర్చున్నారు. తాతయ్య ఫిల్ము ఎక్కించే చోటికి రాగానే ఆవిడ ముందుకి వంగి, ‘‘అదిగో... ఆ చిటికెన వేలు. ఫిల్ముకి తగలకుండా అలాగే పైకెత్తి పట్టుకునేవారు’’ అన్నారు. పన్నెండోసారి ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా ఆ చిటికెన వేలు ఆ అమ్మాయికే కనబడలేదు!

ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాక చెబుతాను. ఈ లోపల ఆ పెద్ద ఫైలుని రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి మా బీరువాలో పెట్టించాను. అన్నగారికి పాటలకి వేరే పెన్‌డ్రైవు కొనిపెట్టాం!

మీరూ సినిమాలు తీస్తున్నారు. మంచిదే, తీయండి. చిక్కులొస్తే నాకు రాయండి. కాని ‘ఎక్స్‌పోర్ట్ బాగా రావడంలేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. మచ్చ ఎన్నో సెకనులో వస్తోంది, అసలు ఫైలులో ఉందా లేదా, ఏ కెమెరాతో సెకనుకి ఎన్ని ఫ్రేములు తీశారు – ఈ మూడూ రాయండి. సగం మందికి ఆ మూడూ రాస్తుండగానే జవాబు దొరికిపోతుంది. మిగతా సగం మందికి నేనున్నాను.

వచ్చేవారం, టైమ్‌లైన్‌లో కళకళలాడిన రంగులు ఎక్స్‌పోర్ట్‌లో ఎందుకు వెలిసిపోతాయో మాట్లాడుకుందాం. అంతవరకూ, అసలు ఫైళ్లు ఎవరికీ పాటలకివ్వకండి!